మూడో వరుస

డాక్టరిచ్చిన కాగితంలో మూడో వరుస:
దగ్గొద్దు, బరువులెత్తొద్దు.
పక్కన పెన్నుతో చేర్చాడు, నవ్వొద్దు అని,
నా మొహం చూసే కాబోలు.

వల్పరాయిసో కొండ మీద మా రేకుల ఇల్లు
నూట అరవై రెండు మెట్ల పైన.
మెట్టుకో ఊపిరి చొప్పున ఎక్కాను,
పొట్ట చేత్తో పట్టుకుని, దొంగిలించిన మూటలాగ.
నోల్బెర్తో ఆరు మెట్ల కింద నడిచాడు.
పడితే పట్టుకుందామని కాదు,
రేవులో పనిచేసే చేతులవి,
నన్ను తాకకూడదని.

పిత్తాశయం తీసేసి
పదకొండు రాళ్ళు సీసాలో వేసి ఇచ్చారు.
మాయిలేన్ వాటికి పేర్లు పెట్టింది.
అన్నిటికంటే పెద్దది, గరుకుది, నానమ్మ.
మొదటి కుట్టు గుంజింది అప్పుడే.

వంటగది అతనిది, మిగతా రెండు గదులు మావి,
మధ్యలో టేపుతో అంటించిన ప్లాస్టిక్ పరదా.
ఇరవయ్యేళ్ళ కాపురంలో గుడ్డు ఉడకబెట్టడం రాని మనిషి
స్టూలు మీద గిన్నె పెట్టి, మూడుసార్లు గోడ తట్టి
వెనక్కి జరిగేవాడు.
నాకు గంజి.
వాన పడ్డ రోజు వాళ్ళకి గుమ్మడి సొపైపీయాలు,
నూనె వాసన మాత్రం అందరికీ సమానంగా.
పరదా అవతల అతను మసకగా, పొడుగ్గా,
నీళ్ళలో నిలబడ్డ మనిషిలా ఉండేవాడు.
"ఉప్పు సరిపోయిందా?" అని అరిచేవాడు.
ఉప్పే లేదు.

మా అత్త ఒర్తెన్సియా నాతో మాట్లాడి నాలుగేళ్ళు.
కుట్టు మిషను గొడవ. ఇప్పుడెందుకులే.
లాక్‌డౌన్ ఆమెనీ నన్నూ ఒకే మంచానికి కట్టేసింది.
పొద్దున్నే నా మెడ కింద చెయ్యి దూర్చి
"ఒకటి, రెండు" అనేది,
మూడు అనకముందే లేపేసేది.
పిండి సంచి చించి నడుముకి పట్టీ కట్టింది.
నా పొట్ట చూసింది, ఇద్దరు పిల్లల చారలతో సహా,
ఏమీ అనలేదు.
స్నానం చేయిస్తూ ఒకరోజు, వీపు వెనక నుంచి:
"మిషను నువ్వే ఉంచుకో."
నీళ్ళు చల్లారిపోయాయి. అయినా లేవలేదు నేను.

కడుపు చెక్కలయ్యేలా నవ్వడం
ఊరికే పుట్టిన మాట కాదని తెలిసింది ఆ చలికాలం.
చీరో స్కూలు పాఠం ఫోన్లో వింటూ
పైన యూనిఫాం, కింద నిక్కరుతో నిలబడితే
నేను దుప్పటి కొరుక్కునేదాన్ని.
ఇంట్లో ఎవరు నవ్వొచ్చినా
వాకిట్లోకి పోయి నవ్వుకుని వచ్చేవారు,
సిగరెట్టుకి పోయినట్టు.

తర్వాత తొంభయ్యో మెట్టు దగ్గరి జునీల్దా.
అంబులెన్సు కొండెక్కదు.
తెల్ల సూట్ల వాళ్ళు నలుగురు
కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు దిగువకి.
ఒళ్ళో చేతిసంచి, కాళ్ళకి పండగ చెప్పులు.
పైకి చూసి చెయ్యూపింది మా కిటికీ వైపు.
అంతే.
ఆ వారం మా ఇంట్లో ఎవరూ వాకిట్లోకి పోలేదు.
ఆ వారమే నా కుట్లు బాగా మానాయి.
దానికి నాకు ఇప్పటికీ సిగ్గు.

ఆస్పత్రి కుట్లు విప్పనంది, రావద్దంది.
కుక్కలకి కుట్లేసే వ్లాదిమీర్‌ని పిలిచాడు చీరో.
రెండు మాస్కులు, చేపల మార్కెట్టు గ్లవుజులు,
మరగబెట్టిన కత్తెర.
గుమ్మంలో కుర్చీ వేసి నన్ను వెనక్కి వాల్చారు.
అయిదో కుట్టు దగ్గర నేను బిగుసుకుంటే
అలవాటు ప్రకారం నా తల నిమిరి
"అయిపోయింది బంగారూ, కరవకు" అన్నాడు.

ముందు నవ్వింది అత్త, పళ్ళ సెట్టు లేకుండా.
తర్వాత పిల్లలు, అక్కడికక్కడే.
పరదా వెనక నోల్బెర్తో
ఎందుకో తెలియకుండానే మొదలెట్టాడు,
ప్లాస్టిక్ అంతా వణికింది.
నేను పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని
చెక్కలవుతుందేమోనని చూస్తూ చూస్తూ నవ్వాను.
కాలేదు.

వ్లాదిమీర్ దిగుతుంటే మెట్ల మీదికి చూశాను.
జునీల్దా ఆరేసిన దుప్పటి
తీగ మీద అలాగే ఉంది.
మళ్ళీ వాన మొదలైంది.
"తెచ్చేద్దామా?" అంది అత్త.
ఎవరికని అడగలేదు నేను.
చీరో అప్పటికే సగం మెట్లు దిగాడు.